నిండు అన్న గడి

“అయితే మా అమ్మ అబద్ధమాడిందంటావా?”

“నేననడం లేదండీ. ఈ కాగితం అంటోంది.”

కోడలు నోటీసును భర్త ముఖం ముందు ఆడించింది. నిన్న సాయంత్రం నుంచి అది ముగ్గురి చేతుల్లో నలిగి మడతల దగ్గర చిరుగు పట్టింది. అందులో కొత్తగా చదవాల్సిందేమీ లేదు. అయినా ఆమె మళ్ళీ చదివింది.

“ ‘తనిఖీ నాటికి సిమెంటు, ఇసుక, ఇటుక నిల్వలు నిండుగా ఉన్నట్లు లబ్ధిదారే స్వయంగా తెలిపినందున, మొదటి విడత గ్రాంటు ఖర్చు కాలేదని భావించి రెండో విడత నిలిపివేయడమైనది. ఇరవై మూడో తేదీ బహిరంగ విచారణలో తగిన సంజాయిషీ ఇవ్వనిచో ఇంటి మంజూరు రద్దగును.’ విన్నారా? లబ్ధిదారే స్వయంగా! లబ్ధిదారు ఎవరు? మీ అమ్మగారు. ఇరవై మూడు ఎప్పుడు? ఇవాళ.”

మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చుని ఇలాంటి నోటీసులు రోజుకు పాతికమందికి చదివి వినిపించే గొంతు ఆమెది. జనం ఆమెను కిటికీ మేడమ్ అంటారు. సరిగ్గా ఈ వాక్యాన్నే ఇస్త్రీ బండి ఆవిడకు పోయిన నెలలో నాలుగుసార్లు చదివింది. నాలుగోసారి విసుగొచ్చి, “ఉందని చెప్పింది మీరే. ఇప్పుడు లేదంటే ఎలాగమ్మా?” అని కిటికీ రెక్క కూడా మూసేసింది. ఇప్పుడు అదే వాక్యం సొంత ఇంటి గుమ్మంలోకి వచ్చింది.

భర్తకు వీధి వీధికీ నీళ్ళు వదిలే ఉద్యోగం. అప్పుడే వచ్చి, వాల్వులు తిప్పే మనిషంత పొడవు ఇనుప తాళంచెవిని గోడకు ఆనించాడు. ఊరంతా అతన్ని నీళ్ళాయన అంటారు. తల్లికీ భార్యకూ మధ్య మాట నడిచినప్పుడు నీళ్ళు నమలడం కూడా అతనికి బాగానే వచ్చు.

“అమ్మా, అదీ... ఆ రోజు నువ్వు అసలేమన్నావు?”

అత్తగారు ఇటు తిరగలేదు. ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉతికిన తువ్వాళ్ళు మడత పెడుతోంది.

“నిజమే చెప్పాను,” అంది తువ్వాలుతో.

“నిజమంటే ఏమని?”

“ఉన్నదున్నట్టు. ఒకసారి చెప్పింది మళ్ళీ మళ్ళీ చెప్పను. నన్ను నిలదీయడానికి నేనేం దొంగనా?”

కోడలికి తిక్క రేగింది. “దొంగ అని ఎవరన్నారు అత్తయ్యా? నలుగురిలో తక్కువైపోతామని మీకు భయం. ఇంటికి ఎవరొచ్చినా ‘మాకేం తక్కువ’ అంటారు. ఆ ఇన్‌స్పెక్టరుతోనూ అదే అనుంటారు. మీ గొప్ప కోసం మన స్లాబు పోతోంది.”

తువ్వాలు మడిచే చెయ్యి ఆగింది. అత్తగారు ఎదురు ఏదైనా అని ఉంటే బాగుండేదని కోడలికి అనిపించింది.

సైకిళ్ళు బాగుచేసే షాపు వెనక ఉన్న ఒంటిగది అది. గోడ అవతల ఎవరో ట్యూబుకు గాలి కొడుతున్నారు. ఒక్కొక్క పంపు దెబ్బకీ అరలోని గ్లాసులు సన్నగా మోగుతున్నాయి. పాత ఇల్లు గ్రాంటు నమ్ముకుని పడగొట్టాక ముగ్గురూ ఇందులోకి వచ్చారు. నాలుగు నెలలంటే నాలుగు నెలలు అనుకున్నారు. రెండేళ్ళు కావస్తోంది. నాలుగు వీధుల అవతల వాళ్ళ ఇల్లు గుమ్మాల పైన లింటెల్ దాకా లేచి, అక్కడే ఆగిపోయి, వంటగదిలో మోకాలెత్తు గడ్డి పెంచుకుంటోంది. ఇవాళ పొద్దున్నే ఆకాశం నల్లగా దిగింది. ఈ ఏడు వానకు కూడా తడిస్తే ఆ గోడలు నిలవవని మేస్త్రీ ఖరాఖండీగా చెప్పేశాడు. ఇవాళ మంజూరే రద్దయితే ఇక గోడలతో పనేముంది?

కోడలు స్టవ్ వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది. ఎంత కోపమొచ్చినా టీ మానేసే ఇల్లు కాదు వాళ్ళది. డబ్బా కోసం చెయ్యి చాచి, ముఖం అటే పెట్టుకుని అడిగింది.

“పంచదార ఉందా?”

“నిండుకుంది,” అంది అత్తగారు, ఇటు తిరక్కుండానే.

డబ్బా మూత తీస్తే నాలుగు పలుకులు అడుగున అంటుకుని ఉన్నాయి. కోడలు గ్లాసు పట్టుకుని పక్క వాటాలో అడగడానికి బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

“ఏమన్నారు అత్తయ్యా?”

“నిండుకుందన్నాను. చెవులు కూడా పోయాయా?”

ఆ ఇంట్లో ఏదీ ‘లేదు’ కాదు. పంచదార అయిపోదు, నిండుకుంటుంది. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బయటికి వెళ్ళేవాళ్ళు వెళ్ళరు, వెళ్ళొస్తారు. ఇంటి గురించి ‘లేదు’ అన్న మాట ఇంటావిడ నోట రాకూడదని అత్తగారి పట్టు. పదకొండేళ్ళుగా వింటూ, తనూ అంటూ వచ్చిన మాట కాబట్టి కోడలికి అది ఒక మాటలాగే వినపడడం మానేసింది.

ఆమె వెనక్కి వచ్చి ట్రంకుపెట్టె ముందు గొంతుక్కూచుంది.

“అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా. ఆ ఇన్‌స్పెక్టరు సిమెంటు గురించి అడిగితే ఏమన్నారు?”

“ఏమంటాను? ఆఖరి సంచీ దులిపి వాడేసి అప్పటికి పదిరోజులు. ‘అన్నీ నిండుకున్నాయి నాయనా’ అన్నాను. ‘ఇసుక కూడానా?’ అన్నాడు. ‘ఇసుకే ముందు నిండుకుంది’ అన్నాను. అది అబద్ధమా?”

నీళ్ళాయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. గోడ అవతల పంపు ఆగింది.

కోడలు నవ్వలేదు. “నా నోరు పడిపోను,” అంది. “తప్పయిపోయింది అత్తయ్యా. గొప్పలు పోయారన్నాను మిమ్మల్ని.”

“నీళ్ళు మరిగిపోతున్నాయి. ముందు పంచదార పట్రా,” అంది అత్తగారు. కానీ ఇటు తిరిగింది.

* * *

ఆరు నెలలకోసారి ఆఫీసర్లు జనం ముందు కూర్చుని జవాబు చెప్పాలన్నది నియమం. ఆఫీసు పెద్ద హాల్లో ఆ ఒక్కరోజు కుర్చీల వరస తిరగబడుతుంది. రోజూ నిలబడేవాళ్ళు కూర్చుంటారు, రోజూ కూర్చునేవాళ్ళు పిలిచినప్పుడల్లా లేచి నిలబడతారు. అందుకే హాలు కిక్కిరిసిపోయింది. వీధి దీపాల సంగతి తేలింది. ఆస్పత్రి దగ్గర మురుగుకాలువ సంగతి సగం తేలి సగం మునిగింది. అత్తగారి పేరు పిలిచేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

పెద్దాఫీసు నుంచి వచ్చిన విచారణ అధికారిణి కళ్ళజోడు పైకెత్తి చూసింది. “మీ సంజాయిషీ?”

“మేడమ్, ఒక్కటే అడుగుతాం,” కోడలు లేచింది. “కంప్యూటరు కాగితం కాదు, ఇన్‌స్పెక్టరుగారు ఆ రోజు చేత్తో రాసుకున్న అసలు ఫారం తెప్పించండి. కట్టల గదిలో ఉంటుంది. పచ్చదారం కట్ట.”

మూడో కుర్చీలో ఉన్న ఇళ్ళ ఇన్‌స్పెక్టరు ముఖం పాలిపోయింది. తప్పుడు తనిఖీ అని తేలితే అతని ఇంక్రిమెంటు ఆగిపోతుంది. కూతురి ఫీజు కట్టాల్సిన నెల ఇది. అతను రుమాలుతో మెడ తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

అటెండరు కట్ట తెచ్చాడు. అధికారిణి ఫారం వెతికి తీసి, ముందు తనలో తను చదువుకుంది. తర్వాత మైకు దగ్గరికి జరిగింది.

“ ‘సామగ్రి అంతా నిండుకుంది అని ఇంటావిడ చెప్పారు. ఇల్లంతా చూశాను. ఖాళీ సంచులు తప్ప ఏమీ లేవు.’ ”

హాల్లో ఒక మూల ఎవరో కిసుక్కుమన్నారు. అది అల్లుకుని ముందు వరస దాకా వచ్చింది. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు.

“నేను సరిగ్గానే రాశాను మేడమ్! విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు!” అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్తగారు తల ఊపి, కూర్చో నాయనా అన్నట్టు చేత్తో చూపించింది.

కోడలు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. గట్టెక్కామనుకుంది.

“మరి కంప్యూటర్లో ‘నిండు’ అన్న గడిలోకి ఎలా వెళ్ళింది?” అంది అధికారిణి. పక్కనున్న తెర మీద వేలు పెట్టి కిందికి జరిపింది. “ఎక్కించినవాళ్ళ నంబరు ఉంటుందిగా... పదిహేడు. ఎవరీ పదిహేడు?”

కోడలికి ఆ నంబరు తెలుసు.

ఏడు నెలల క్రితం ఫారాలు గుట్టలుగా పేరుకుపోతే, కిటికీల దగ్గర కూర్చునేవాళ్ళందరినీ మూడురోజుల అదనపు డ్యూటీ మీద లాక్కొచ్చి ఎక్కించమన్నారు. పక్కన రికార్డు గుమాస్తా చదువుతాడు, ఆమె మీట నొక్కుతుంది. తెర మీద మూడే గడులు: నిండు, సగం, ఖాళీ. పేర్లు చదవడానికి టైము లేదు, ఫారం నంబర్లే. మొదటిరోజు గుమాస్తా మాట పూర్తిగా చదివాడు. రెండోరోజు మధ్యాహ్నానికి అతనికి గొంతు బొంగురుపోయి సగం మాట మింగేయడం మొదలుపెట్టాడు. “రెండొందల పన్నెండు, నిండు...” నొక్కు. “రెండొందల పదమూడు, సగం...” నొక్కు. ఆ గుమాస్తా ఆ నెలాఖరుకే రిటైరై దండలేయించుకుని వెళ్ళిపోయాడు. నంబరు మాత్రం ఆమెది.

నోరు మూసుకుంటే సరిపోతుంది. ఏ నంబరు ఎవరికి అప్పగించారో రాసిన రిజిస్టరు ఎక్కడుందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. తమ మంజూరు పని అయ్యాక వాళ్ళే తీరిగ్గా వెతుక్కుంటారు. పక్కనే అత్తగారు నిటారుగా కూర్చుని ఉంది. పొద్దున ఆమె వీపు చూసి అన్న మాటలు కోడలికి ఒక్కొక్కటే చెవుల్లో తిరిగాయి.

“పదిహేడు నాదేనండీ,” అంది.

నీళ్ళాయన తలెత్తి భార్య వైపు చూశాడు. కోడలు జరిగింది జరిగినట్టు చెప్పింది. గుమాస్తా గొంతు సంగతి చెప్పింది కానీ, “మాట పూర్తిగా చదవండి అని నేను అడగాల్సింది. అడగలేదు,” అని ముగించింది.

అధికారిణి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “నిజం చెప్పినందుకు సంతోషం. కానీ నియమం నియమమే. ఆ మూడురోజుల అదనపు డ్యూటీ భత్యం మీ జీతంలోంచి కొయ్యాలి.”

“కొయ్యండి మేడమ్. కాకపోతే...”

“కాకపోతే?”

“అది ఇంతవరకూ ఇవ్వలేదండీ. ముందు ఇస్తే, తర్వాత కొయ్యడానికి వీలుగా ఉంటుంది.”

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ముందు వరసలో ఉన్న ముసలాయనైతే కుర్చీ చేతులు పట్టుకుని మరీ నవ్వాడు. జీతాల విభాగం ఆఫీసరు లేచాడు.

“ఎంతమందికి ఇవ్వాలి?” అధికారిణి నవ్వలేదు.

“పద్నాలుగు... పద్నాలుగుమందికి మేడమ్. ఫైలు నడుస్తోంది.”

“ఏడు నెలలుగానా? అంత నడిచిందంటే అలిసిపోయి ఉంటుంది. ఇవాళ నా బల్ల మీదికి తెచ్చి కూర్చోబెట్టండి. ముందు పద్నాలుగుమందికీ ఇవ్వండి. ఎవరిది కొయ్యాలో తర్వాత నేను చూస్తాను.” ఆమె రాసుకుని అత్తగారి వైపు తిరిగింది. “అమ్మా, మీ పని అయిపోయినట్టే. రికార్డు దిద్దాలంటే మీరు మీ నోటితో ఒక్కమాట చెప్పాలి. సిమెంటు ఉందా, లేదా?”

“నిండుకుంది,” అంది అత్తగారు.

“ఆ మాటే వద్దు. దాంతోనే వచ్చింది తంటా.”

“అడుగంటింది.”

“ఉందా, లేదా?”

“ఉంటే మీదాకా ఎందుకొస్తాను?”

మళ్ళీ నవ్వులు. అత్తగారు నవ్వలేదు. చేతిసంచీ హ్యాండిల్‌ను రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. కోడలికి ఆ అవస్థ అర్థమైంది. భర్త పోయినప్పుడు కూడా ఆవిడ ‘ఆయన లేరు’ అనలేదు. పింఛను కాగితాలు తెచ్చినవాళ్ళతో ‘ఆయన వెళ్ళారు’ అనే చెప్పింది.

“లేదు,” అంది అత్తగారు, ఎవరికీ వినపడకుండా.

“కాస్త గట్టిగా అమ్మా.”

“లేదు.” ఈసారి గొంతు చివరి వరసదాకా వెళ్ళింది. “సిమెంటు లేదు. ఇసుక లేదు. ఇటుక లేదు. రెండేళ్ళ నుంచి మా ఇంటికి కప్పు లేదు.”

ఎవరూ నవ్వలేదు. కోడలికి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. అధికారిణి అప్పటికే సంతకం పెడుతోంది. మంజూరు ఖాయం, రెండో విడత వారంలోగా విడుదల.

* * *

వరండాలోకి వచ్చాక నీళ్ళాయన ఆర్డరు కాపీని రెండు చేతులతో పట్టుకుని నాలుగుసార్లు చదివాడు. “మేస్త్రీకి ఇప్పుడే ఫోన్ చేసేస్తా,” అని, ఫోన్ ఎక్కడ పెట్టాడో మర్చిపోయి జేబులన్నీ తడుముకున్నాడు. బయట మబ్బు అలాగే ఉంది కానీ చినుకు పడలేదు. వారం ఆగమని దాన్ని బతిమాలాలనిపించింది కోడలికి. ఆమె బెంచీ మీద కూర్చుంది.

“అత్తయ్యా, పొద్దున మిమ్మల్ని అన్ని మాటలన్నాను. తీరా చూస్తే చేసింది నేను.”

“నువ్వు మీట నొక్కావు. నేనైతే నీ పీక నొక్కేదాన్ని,” అంది అత్తగారు పక్కన కూర్చుంటూ. “అందరిముందూ నాదేనన్నావు చూడు, అందుకు వదిలేస్తున్నా. మళ్ళీ అలా వెక్కి వెక్కి ఏడవకు, ముక్కు ఎర్రబడింది.”

ఇద్దరూ నవ్వుకున్నారు. చాలా నెలల తర్వాత ఒకే సంగతికి నవ్వుకున్నారు.

అటెండరు రెండు కాగితాలు పట్టుకుని వచ్చాడు. “పదిహేడో నంబరు కింద ‘నిండు’ అని ఎక్కినవట. పెద్ద మేడమ్ మీకిమ్మన్నారు. అసలు ఫారాలతో పోల్చి తెస్తే తప్పులన్నీ ఒక్కసారే దిద్దుతారట. ఆవిడ మూడున్నరకు బయల్దేరతారు, త్వరగా చూడండి.”

కోడలు లెక్కపెట్టింది. నలభై ఒకటి. ఇన్ని ఇళ్ళలో ఇంతమంది ఆడవాళ్ళు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడి, పరువుగా, ఆ ఒక్కమాటే అనుంటారు. ఆమె వేలు ఆరో పేరు దగ్గర ఆగిపోయింది. తలెత్తింది.

ఇస్త్రీ బండి ఆవిడ వరండా స్తంభం పక్కన నిలబడి ఉంది. లోపల జరిగిందంతా విన్నట్టుంది.

“నేనూ అదే అన్నాను కిటికీ మేడమ్,” అంది మెల్లగా. “ఆ మాటే. నాలుగుసార్లు వచ్చాను కానీ, మాటలో ఉంది తేడా అని నాకూ తట్టలేదు.”

కోడలు లేచి నిలబడింది. కిటికీ రెక్క మూసిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “నన్ను తిట్టండి,” అంది. “తిట్టేసి కూర్చోండి. మీదీ ఇవాళే దిద్దిస్తాను.”

“తిట్టడానికి టైము లేదు తల్లీ. మంజూరు ఇక రాదనుకుని గోడల ఇటుకలు బేరం పెట్టేశాం. ఊడదీసుకుపోవడానికి బండి వస్తోంది.”

“ఎప్పుడు?”

“నాలుగింటికి.”

గోడ గడియారంలో మూడు దాటి పది నిమిషాలైంది. కట్టల గది మేడ మీద. గోడలు పడిపోయాక కాగితం దిద్దినా, మొదటి విడత ఏమైందని మళ్ళీ నోటీసు వస్తుంది. అది చదివి వినిపించాల్సిందీ తనే.

“ఏవండీ, మీరు ఆవిడతో వెళ్ళండి. బండిని ఆపండి.”

“ఎలా ఆపను?”

“దారిలో ఇంటి దగ్గర ఆ తాళంచెవి తీసుకుని, పోయి అడ్డం నిలబడండి. వీధిలో పైపు పనుందని చెప్పండి. మీ మాట కాదనేవాళ్ళెవరు? రేపు నీళ్ళు రావద్దూ!”

నీళ్ళాయన ఈసారి నీళ్ళు నమలలేదు. వరండా ముందున్న తన సైకిలు స్టాండు తన్నేశాడు. ఇస్త్రీ ఆవిడ వెనక ఎక్కింది. కోడలు మెట్ల వైపు పరుగెత్తబోయి ఆగింది.

“అయ్యో, నేను ఫారాలు తెచ్చేలోపు పెద్ద మేడమ్ వెళ్ళిపోతేనో?”

“వెళ్ళదు,” అంది అత్తగారు. అప్పటికే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి పెద్ద మేడమ్ ఉన్న ఆఫీసరు గది గుమ్మానికి అడ్డంగా వేస్తోంది. “నువ్వు పైకి పో.”

“ఏమని ఆపుతారు అత్తయ్యా? ఆవిడ పెద్దాఫీసరు!”

“వీల్లేదంటాను,” అంది అత్తగారు, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటూ. “లేదనడం ఇప్పుడు నాకు వచ్చేసిందిగా.”

లోపల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.